పచ్చియాకుల పళ్లెము



అన్యదేశపు భోజనమును గూర్చి కొంతసేపు ముచ్చటింపవలెనని ఆకాశవాణివారు కోరినప్పుడు, ఏ దేశమును ఎన్నుకొనవలెనను సందేహము నాకు కలుగలేదు. సాయంకాలమగుసరికి మన పట్టణములలో వీథిమూలలయందు బండ్లవారు ఇనుపమూకుళ్లను గణగణ మ్రోగించుచు వేయించి పెట్టు నూడుల్సును చైనాభోజనమని ఎంచి తినుటకు మనవారు అలవాటుపడి ఒక తరము గడచినది గాని, ఆ చైనాకు దక్షిణముననే, మనవలె వరియన్నము తిని, మనవలె నదీముఖములందలి బురదనేలను దున్ని, మనకంటె ఎన్నియో మడుంగులు యుద్ధమును చూచి బ్రదుకుచున్న వియత్నాం ప్రజల వంట యెట్టిదో మనలో పెక్కుమంది యెఱుగరు. కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరమున కాపురమున్న మా పెద్దవాని యింటికి పోయినప్పుడు, అచ్చటి యొక చిన్న భోజనశాలలో మొట్టమొదటిసారి ఆ వంటను రుచిచూచితిని. ఆ రుచిని గూర్చియు, అది అంతదూరము నడచి వచ్చిన త్రోవను గూర్చియు నాకు తెలిసినంత విన్నవింతును.

శాన్ హోసేలో తెలుగు వినబడని వీథి లేదని మనవారు కొంత గర్వముతో చెప్పుకొందురు. అది అతిశయోక్తి యని తెలియవలెనన్న ఆ నగరమునకు తూర్పున నున్న స్టోరీ రోడ్డునకు పోవలెను. అచ్చట అంగళ్లపై పలకలు రోమను అక్షరములతోనే వ్రాసియున్నను, ఆ అక్షరములకు పైనను క్రిందను చుక్కలు, కొక్కెములు, గీతలు దట్టముగా నుండి, చదువ వచ్చినట్లే తోచి చదువరాక యుండును. వియత్నాం వెలుపల ఏ నగరమందును ఇంతమంది వియత్నాంవారు లేరు; ఆ యొక్క ఊరిలోనే లక్షకు పైబడి యున్నారు. ఆ పేటను లిటిల్ సైగాన్ అందురు.

వారి భోజనశాలల పేర్లలో తఱచుగా అంకెలు కనబడును. ఫో 54 అని యొకటి, ఫో 75 అని యొకటి. ఫో అనునది వారి ప్రసిద్ధమైన చారు. అందు బియ్యపునూడుల్సును మాంసమును ఉండును. ఆ అంకెలలో కొన్ని శుభసంఖ్యలు కావచ్చును, కొన్ని వీథిలోని ఇంటిసంఖ్యలు కావచ్చును గాని, పెక్కింటికి అర్థము సంవత్సరము. 1954లో జెనీవా ఒడంబడికచేత ఆ దేశము పదునేడవ అక్షాంశరేఖ దగ్గఱ రెండుగా చీలగా, ఉత్తరభాగమునుండి ఇంచుమించు పదిలక్షలమంది ఇండ్లు వాకిళ్లు విడిచి దక్షిణమునకు తరలిరి. 1975 ఏప్రిల్ 30వ తేదీన సైగాన్ నగరము ఉత్తరసేనల వశముకాగా, ఆ దక్షిణమును కూడ విడిచి, కొందఱు విమానములలో వెడలిపోయిరి; తరువాతి సంవత్సరములలో మఱికొందఱు వేలకొలది చిన్నపడవలలో సముద్రముపాలైరి. మనవారు హోటలు తెఱచునప్పుడు ఇష్టదైవము పేరో, తల్లి పేరో పెట్టుదురు. వీరు తాము ఇల్లు విడిచిన యేటిని ద్వారమునకు పైన వ్రాసికొని, దానిక్రింద చారు అమ్ముకొనుచున్నారు. ఆ చారు పుట్టినది ఉత్తరమున, హనోయి నగరప్రాంతమునను, దానికి ఆగ్నేయమున నున్న నామ్ దిన్ సీమలోను. వయస్సు నూఱేండ్లకు కొంచెము పైమాట. దక్షిణమున అది వ్యాపించినది 54లో వలసపోయిన వారి వెంట, అమెరికాకు వచ్చినది 75 తరువాత పాఱిపోయిన వారి వెంట.

మేము పోయిన భోజనశాల పెద్దది కాదు. లోపల గల్లాపెట్టె ప్రక్కన, నేలమీదనే, ఎఱ్ఱరంగు వేసిన చిన్న మందిరమొకటి యుండెను. అందు భూదేవుడును ధనదేవుడును నవ్వుచు కూర్చుండియుండిరి; వారిముందు నారింజపండ్లు, ఊదుబత్తి. దేవుని నేలమీద పెట్టుదురా యని మా యిల్లాలు మొదట నొచ్చుకొన్నది గాని, భూమికి సంబంధించిన దేవుడు భూమిమీద గాక యెక్కడ నుండునని మా కోడలు సమాధానపఱచినది.

తినుబండారముల పట్టికలో ప్రతిదానికి నొక అంకె యున్నది. ఉచ్చారణ తెలియనివారు అంకె చెప్పిన చాలును. ఫోకు మూలద్రవ్యము గోమాంసము. వియత్నాం పల్లెలలో పశువు నాగటికే గాని విస్తరికి అంతగా వచ్చునది కాదనియు, పరాసువారు, అనగా ఫ్రెంచివారు, వచ్చి గోమాంసమును కోరిన పిమ్మటనే కసాయివారివద్ద ఎముకలు మిగులుట, ఆ ఎముకలను వీథివర్తకులు చారు కాచుట మొదలైనవనియు చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మా యింట అది నిషిద్ధము. "మామయ్యగారూ, మీకూ అత్తయ్యగారికీ కోడితో చేసింది చెప్తున్నాను, అందులో ఆ ఎముకలు పడవు, కనుక్కున్నాను" అని కోడలు ముందుగనే అభయమిచ్చినది. ఆ కోడి ఫోకు కూడ ఒక కథ యున్నది. 1939 ప్రాంతమున హనోయిలో వారమునకు రెండుదినములు, సోమ శుక్రవారములందు, గోమాంసపు విక్రయము లేకుండెననియు, ఆ రెండుదినములు కూడ అంగడి మూయనొల్లని వర్తకులు కోడిని కుండలో వేసిరనియు చెప్పుకొందురు. శుద్ధాచారులైన ఫో భక్తులు తొలుత దానిని ఈసడించిరట. నిషేధమువలన పుట్టిన వంట నావంటి నిషేధపరునకే ఉపకరించుట నాకు సంతోషముగానే యున్నది.

మొదట వచ్చినది ఫో కాదు, గోయ్ కువోన్ అను చుట్టలు. పైపొర గుండ లోపలి రొయ్యల యెఱుపును పుదీనా పచ్చదనమును తేటగా కనబడుచుండెను. ఆ పొర కేవలము బియ్యపుపిండితో చేసినదని మావాడు చెప్పగనే నాకు ఆత్రేయపురము పూతరేకులు జ్ఞప్తికి వచ్చినవి. కోనసీమలో ఆ పనియందు ఆరితేఱిన స్త్రీలు బోర్లించి క్రింద మంటపెట్టిన కుండపై, పలుచని బియ్యపుజావలో ముంచిన గుడ్డను ఒక్కమాఱు సాచి తీయుదురు. ఱెప్పపాటులో రేకు ఆఱి పైకి లేచును. వియత్నాం పల్లెలలో నీరు మరుగుచున్న కుండ మూతికి గుడ్డను బిగించి కట్టి, దానిమీద అట్టి జావనే గరిటెతో గుండ్రముగ పఱచి, మూతవేసి, ఆవిరికి ఉడికిన వెంటనే వెదురుపుల్లతో ఎత్తి, వెదురుతడకలపై ఎండలో ఆరవేయుదురు. బాన్ త్రాంగ్ అని దానికి పేరు. మనవారు రేకులో నేయియు చక్కెరయు పూసి మిఠాయి చేసిరి. వారు తమ రేకును నీట తడిపి, మెత్తపఱచి, అందు సన్నని బియ్యపుసేమ్యాలను, పచ్చియాకులను, రొయ్యలను చుట్టి భోజనముగా చేసిరి. బియ్యమును కాగితమంత పలుచన చేయవచ్చునను ఊహ ఒకరినుండి యొకరు నేర్చినది కాదు. వరిని తరతరములుగా నమ్ముకొన్న చేతులు ఎక్కడనైనను అంతదాక పోవునని నేననుకొందును.

చుట్టలతో కూడ ఒక చిన్నగిన్నెలో తేనెరంగు ద్రవము వచ్చెను. అందు నిమ్మరసము, చక్కెర, వెల్లుల్లి, మిరపముక్కలు ఉన్నవి గాని, దానికి ప్రాణము నుఓక్ మామ్ అను చేపరసము. చిన్న నెత్తళ్లను మూడుపాళ్లు, ఉప్పును ఒకపాలు కలిపి, పెద్ద కొయ్యతొట్లలో ఇంచుమించు ఒక యేడు ఊరనిచ్చి, అడుగునుండి బొట్లుబొట్లుగా దిగు రసమును పట్టుదురు. థాయిలాండ్ సింధుశాఖలోని ఫూ క్వోక్ అను ద్వీపము దానికి ప్రసిద్ధి. ఆ ద్వీపనామమును ఇతరులు తమ సరకుకు పెట్టుకొనరాదని 2012లో యూరపియన్ యూనియన్ వారు రక్షణ కల్పించిరి కూడ. సీసామూత తీసి ముక్కునొద్ద పెట్టుకొన్నవాడు దానిని తినుటకు సాహసింపడు. మన సముద్రతీరమున ఎండుచేపల నడుమ పెరిగినవానికి ఆ బాధ యుండదు. నిమ్మరసమును చక్కెరయు కూడినపిమ్మట అది యొక విధమైన లోతైన ఉప్పదనముగా మాఱి, తాను చేపయన్న సంగతిని దాచిపెట్టును.

అంతట ఫో వచ్చెను. గిన్నె మన పులుసుగిన్నెలకంటె పెద్దది. అందు తెల్లని బియ్యపునూడుల్సు, పైన కోడిమాంసపు తునుకలు, సన్నగా తఱిగిన ఉల్లికాడలు, వీనినన్నిటిని ముంచి నిలిచిన చారు, దానినుండి లేచు ఆవిరి. ఆ చారు అడుగు కనబడునంత తేటగా నుండెను. కారపురంగు లేదు, పసుపు లేదు, పైన తేలు పోపుగింజ లేదు. దాని తేటదనము అంత సులభముగా వచ్చినది కాదని పిమ్మట తెలిసికొంటిని. గోమాంసపు ఫోకైనచో ఎముకలను తొలుత ఒకమాఱు మరిగించి, ఆ మురికినీటిని పాఱబోసి, కడిగి, మరల చన్నీట వేసి, సన్నసెగపై ఎనిమిది పది గంటలు, ఒక్కొక్కచోట రాత్రి తెల్లవార్లు కాచుదురు. పొంగుమీది మడ్డిని ఎప్పటికప్పుడు తీసివేయుదురు. తెర్లిపొర్ల మరిగినచో చారు మసకబాఱునని వంటవారు సెగకు కాపలా కాయుదురు. కోడికి అంతకాలము అక్కఱలేదు గాని పద్ధతి యదియే. ఉల్లిగడ్డను, అల్లపుకొమ్మును నేరుగ నిప్పుపై నల్లగా కాల్చి, పైమాడును గీకి కుండలో వేయుదురు. సుగంధద్రవ్యములను నూనెలేని మూకుడులో వేచి గుడ్డలో కట్టి వ్రేలాడదీయుదురు. మనము మసాలాను నూనెలో వేసి దాని గుణమును ఒక్కక్షణములో పైకి లాగుదుము. వారు నీటికి అప్పగించి గంటలకొలది వేచియుందురు.

మా యిల్లాలు ఒక్క చెంచాడు నోట పోసికొని, "పథ్యపు కూడులా ఉందండీ" అని మెల్లగా నాతో ననినది.

అప్పుడు భోజనశాల యజమానురాలు, ఏబదియేండ్లు దాటిన మనిషి, మా బల్లయొద్దకు వచ్చి, మేము ముట్టక ప్రక్కకు నెట్టిన పళ్లెమును నడుమకు జరిపినది. అందున్నవి పచ్చి పెసరమొలకలు, నిమ్మబద్దలు, పచ్చిమిరపచక్రములు, పుదీనా, అంచులకు రంపపుపండ్లుండి కొత్తిమీరవాసన వేయు పొడుగాటి ఆకులు, ఊదారంగు కాడతో నొక తులసిజాతి కొమ్మ. మన వేసవి షర్బతులలోని సబ్జాగింజలు ఏ మొక్కనుండి వచ్చునో, ఈ కొమ్మ ఆ మొక్కకు సగోత్రము. ఆమె కొమ్మను తీసికొని, ఆకులను దూసి, వ్రేళ్లతో చించి, మా యిల్లాలి గిన్నెలో వేసి, నిమ్మబద్ద పిండి, "ఇప్పుడు తాగు" అన్నట్లు సైగ చేసినది. చించిన ఆకు వేడిచారులో పడగనే లేచిన వాసనను వర్ణించుట నాకు శక్యము కాదు. పథ్యపుకూడన్న మాట మఱల వినబడలేదని మాత్రము చెప్పగలను.

ఆ పళ్లెము ముందు కూర్చుండి నేను గ్రహించిన విషయమొకటి యున్నది. మన యింట పోపు పడినంతనే వంటకు ముద్ర వేసినట్లే. ఆ పిమ్మట దానిని దిద్దబోయినవాడు వంటచేసినవారిని అవమానించినట్లగును. ఆవకాయ నంజుకొనుటకు, నేయి కలుపుకొనుటకు స్వాతంత్ర్యమున్నది గాని, కూరను తుదిరూపమునకు తెచ్చు అధికారము తినువానికి లేదు. ఇచ్చటనో, వంటయింటనుండి వెలువడునది కావలెనని నిలిపివేయబడిన వంట. ఆ చప్పదనము లోపము కాదు, తినువానికి వదలిన జాగా. ఆకుల విషయమున భేదము మఱింత స్పష్టము. మనకు ఆకుకూర యనగా నిప్పు దాటివచ్చినది. తోటకూరయైనను, గోంగూరయైనను, బచ్చలియైనను ఉడికి తీరవలసినదే. పచ్చిగా పైన పడు గౌరవము ఒక్క కొత్తిమీరకు దక్కినది, అదియు చిటికెడు. వారి బల్లపై ఆకు అలంకారము కాదు. భోజనములో నొక పాలు. చారు వేడికి తులసి వాడి, మిరప దిగి, నిమ్మ కలసి, గిన్నె సగమగుసరికి రుచి మఱియొకటి యగును. మావాడు మొలకలును మిరపచక్రములును దోసిలినిండ వేసికొనెను. మనుమరాలు ఏమియు వేసికొననని పట్టుపట్టి, పుల్లలతో నూడుల్సును చేపపిల్లలను పట్టినట్లు పట్టి తిన్నది. ఒక్క కుండలోని చారు మా బల్లపై ఎవరి గిన్నెలో వారిదైనది.

హనోయివారు ఈ ఆకులపళ్లెమును అంతగా మెచ్చరు. ఉత్తరదేశపు ఫోలో ఉల్లికాడలు, కొంచెము కొత్తిమీర, వెల్లుల్లి ఊరిన వెనిగరు చుక్క తప్ప మఱేమియు పడరాదని వారి సంప్రదాయము. మొలకలు, తులసి, తీయని నల్లసోయాముద్ద, ఇవన్నియు 54 తరువాత సైగాన్‌లో, సారవంతమైన మెకాంగ్ డెల్టా తోటల పొరుగున చేరినవి. హనోయి ఫోను గూర్చి థాక్ లామ్ అను రచయిత ఆ నగరపు ముప్పదియారు వీథులను వర్ణించిన తన గ్రంథమున వ్రాసెను; అది 1943లో వెలువడినది. 1957లో న్గుయెన్ తువాన్ అను గొప్ప వచనకర్త ఫో యొక్కదానినే తీసికొని ఒక దీర్ఘవ్యాసము వ్రాయగా, నూతనసమాజము నిర్మించుకొను వేళ తిండిని గూర్చి ఇంత వ్రాతయా యని ఆయనను విమర్శించిన వారును ఉండిరి. తరువాత యుద్ధకాలమున హనోయిలో మాంసము దొరకనప్పుడు, నూడుల్సును చారును మాత్రమే యున్న ఫోకు ఆ నగరవాసులు "చోదకుడు లేని ఫో" అని పేరు పెట్టిరి. చోదకుడు లేకయే తమ యూరిపై ఎగిరిపోవు అమెరికా గూఢచారివిమానములను చూచి చేసిన పరిహాసమది. అదే యుద్ధమున, దక్షిణమున సైగాన్‌లో ఫో బిన్ అను భోజనశాలలో అమెరికాసైనికులు క్రింద కూర్చుండి చారు త్రాగుచుండగా, 1968 నాటి తెత్ అను నూతనసంవత్సరపు పండుగ దాడికి ఆ నగరమున ఆజ్ఞలు వెలువడినది ఆ మేడమీదినుండియే. ఉత్తర దక్షిణముల వివాదములో తీర్పు చెప్పుటకు నాకు అర్హత లేదు గాని, నా పక్షము దాచుకొనను. చారును తొలుత హనోయివారివలె ఏమియు కలుపక రుచిచూచి, పిమ్మట సైగాన్‌వారి పళ్లెమును దగ్గఱకు లాగికొనుట మేలు.

ఆ చారులో నాకు పరిచయమైన వాసన యొకటి తగులుచుండెను. అది అనాసపువ్వు. మన బిర్యానీలో పడు ఆ నక్షత్రాకారపు పువ్వును మనము మన పెరటిదే యన్నట్లు వాడుచున్నాము గాని, అది చైనా దక్షిణసీమలోను, వియత్నాం ఉత్తరపుటెల్లలోని లాంగ్ సోన్ కొండలమీదను పండునది. మన దేశమునకు వచ్చు అనాసపువ్వులో అధికభాగము వియత్నాం సరకే. పెండ్లిభోజనములలో బిర్యానీ తిను మనవారిలో ఎంతమంది ఆ కొండల సంగతి ఎఱుగుదురు? ఇట్టి రాకపోకలు క్రొత్తవి కావు. నేటి మధ్యవియత్నాంలో నొకప్పుడు చంపారాజ్యముండెను. భద్రవర్మ మొదలగు రాజులు మీ సోన్‌లో శివాలయములు కట్టిరి. ఆ రాజ్యమున నొక మండలము పేరు అమరావతి. చంపాదేశపు త్వరగా పండు వరివంగడమును 1012లో చైనాచక్రవర్తి తెప్పించి తన రైతులకు పంచిపెట్టెను. కృష్ణాతీరమునుండి వచ్చిన నాకు అమరావతి యను పేరు ఆ దేశచరిత్రలో కనబడుట కొంత పులకింతను కలిగించినదని చెప్పుటకు సంకోచింపను.

బల్లపై ఆకుపచ్చమూతతో, కోడిపుంజు బొమ్మతో నొక ఎఱ్ఱసీసా యుండెను. ఇది వియత్నాంలో పుట్టినది కాదు. చైనా సంతతివాడై వియత్నాంలో పెరిగిన డేవిడ్ ట్రాన్ అను శరణార్థి లాస్ ఏంజిలెస్ చేరి, 1980లో ఆ మిరపద్రవపు కార్ఖానాను స్థాపించి, తన్ను తీరము చేర్చిన నౌక పేరును దానికి పెట్టెను. తాను పుట్టినది కోడిపుంజు సంవత్సరమున గనుక బొమ్మ కోడిపుంజు. కారమనగనే చేయి అటుపోవుట మనకు సహజము. కాని అది చారులో పిండినచో పదిగంటల శ్రమ ఒక్క నిమిషములో మాయమగును. మాంసపుముక్కను దానిలో అద్దుకొని తినుట సరియైన పద్ధతియని యజమానురాలు చెప్పగా నాకు న్యాయమనిపించెను.

తుదకు కాఫీ. గాజుగ్లాసుపై చిల్లులున్న చిన్న లోహపాత్రను నిలిపి, అందలి కాఫీపొడిపై వేడినీరు పోయగా, క్రింద డబ్బాపాలపై నల్లని డికాక్షను బొట్టుబొట్టుగా దిగును. ఆ తొందరలేని యంత్రమును చూచి మా మనుమరాలు విసిగినది. పరాసువారు తెచ్చిన ఆ పంట నేడు వియత్నాంను బ్రెజిల్ తరువాత ప్రపంచమున రెండవ స్థానమున నిలిపినది. అదియు చాలవఱకు చేదుపాలెక్కువైన రోబస్టా రకము. ఉష్ణదేశమున తాజాపాలు నిలువక డబ్బాపాలు వాడుకకు వచ్చినవి. 1946లో పాలే కఱవు కాగా, హనోయిలో నొక పెద్దహోటలు ఉద్యోగి గ్రుడ్డుసొనను చక్కెరతో గిలకొట్టి పాలకు మాఱుగా వాడెను. ఆ గ్రుడ్డుకాఫీ నేటికిని హనోయిలో ప్రసిద్ధము. దానిని నేను రుచిచూడలేదు, చూడవలెనన్న తొందరయు లేదు. మన ఫిల్టరుకాఫీవారికి ఈ డబ్బాపాలకాఫీయే కొంత తీపి మిక్కుటము. మంచుగడ్డలపై పోసికొన్నచో అది సర్దుకొనును.

శాకాహారులైన శ్రోతలు ఇంతవఱకు నాపై కినుకతో నుందురు. వారికిని మార్గమున్నది. ఆ దేశపు బౌద్ధులలో అనేకులు చాంద్రమానమున ప్రతిమాసము మొదటి దినమునను పదునైదవ దినమునను మాంసము ముట్టరు. మాంసము లేని వంటను వారు చై అందురు. ముల్లంగి, క్యారెట్టు, పుట్టగొడుగులు కాచి, అవే సుగంధద్రవ్యములతో ఫో చేయుదురు. చేపరసమునకు మాఱు సోయాద్రవము. న్గుయెన్ వంశపు రాజధానియైన హ్వే నగరము ఈ శాకపాకమునకు పేరెన్నికగన్నది. నిమ్మగడ్డియు ఎఱ్ఱమిరపనూనెయు దట్టించి హ్వేవారు చేయు చారు ఫోవలె సాధువు కాదనియు, దానిని తాము పౌర్ణమినాడు మాంసము లేకుండ వండుదుమనియు, నుదుట చెమట పట్టకున్న డబ్బు ఇయ్యనక్కఱలేదనియు యజమానురాలు పందెము కట్టినట్లు చెప్పినది. ఆ మాట వినగనే మా యిల్లాలు, "పౌర్ణమి ఎప్పుడురా?" అని మావానినడిగినది. వాని యింట గోడకు వ్రేలాడు పంచాంగము మేము విజయవాడనుండి తీసికొనిపోయినది. శాన్ హోసే గడియారమునకు తిథిని సవరించుకొనుటకై ఆ రాత్రి తల్లీకొడుకులు చాలసేపు లెక్కలు వేసిరి.